చిన్న కోత గుండె ఆపరేషన్, మచ్చ భయం: అపోహలు - వాస్తవాలు

విశాఖలో గుండె ఆపరేషన్ల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. సర్జన్ గారు రౌండ్స్‌లో అన్నీ వివరంగానే చెప్తారు, ఇంట్లోవాళ్ళూ తలూపుతారు. ఆయన పక్క బెడ్ దగ్గరికి వెళ్ళాక ఆడపిల్ల తల్లి నా వెనకాలే వచ్చి అడుగుతుంది, "మచ్చ పడిపోద్దా అమ్మా?" అని. ఆ వెంటనే, "పెళ్ళయ్యాక చేయిద్దాం అనుకుంటున్నాం" అంటుంది. గాజువాక నుంచి వచ్చినా, పాడేరు నుంచి వచ్చినా, శ్రీకాకుళం నుంచి వచ్చినా ఇదే మాట. అందుకే ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: పిల్ల బాగానే తిరుగుతోంది, ఆపరేషన్ పెళ్ళయ్యాక చూసుకోవచ్చు

దయచేసి ఆ పని చేయకండి. ఏఎస్‌డీ (గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతో ఉండే రంధ్రం) ఉన్న పిల్లలు చాలామంది పాతికేళ్ళ దాకా ఆటపాటల్లో ఏ తేడా లేకుండా ఉంటారు. నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. కానీ ఆ రంధ్రం పెద్దదైతే, ఊపిరితిత్తులకి రోజూ అవసరానికి మించి రక్తం పోతూనే ఉంటుంది. గుండె కుడివైపు గదులు సాగుతాయి. కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల రక్తనాళాలు మందమై ప్రెషర్ పెరుగుతుంది. అది మరీ పెరిగితే రక్తం ఎదురు తిరిగి కుడి నుంచి ఎడమకి పోతుంది. ఐసన్‌మెంగర్ అంటారు దీన్ని. అక్కడిదాకా వచ్చాక రంధ్రం మూయడమే ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ఇక ఏ సర్జనూ ఆపరేషన్ చేయరు. గర్భం కూడా వద్దంటారు. అందరికీ ఇలా అవదు. అయితే ఎవరికి అవుతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు, ఎకో (గుండె స్కాన్) చూసి చెప్పాలి.

ఆ మధ్య విజయనగరం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. స్కూల్లో పెట్టిన వైద్య శిబిరంలోనే గుండె చప్పుడులో తేడా పట్టుకున్నారు. ఎకో తీసి, రంధ్రం మూయించుకోమని చెప్పారు. "మచ్చ ఉంటే సంబంధాలు రావు" అని ఇంట్లోవాళ్ళు ఆ కాగితం బీరువాలో చీరల కింద పెట్టేశారు. పెళ్ళి చేశారు, అత్తవారికి చెప్పలేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఒక అంతస్తు మెట్లెక్కలేకపోతోంది. నెయిల్ పాలిష్ తుడిచి చూస్తే కింద గోళ్ళు నీలం, వేళ్ళ చివర్లు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. ఆక్సీమీటర్ 84 దగ్గరే ఆగిపోయింది. క్యాథ్ (రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి లోపలి ప్రెషర్ కొలిచే పరీక్ష) చేసి, ఇక మూయడం కుదరదన్నారు. వాళ్ళమ్మ తెచ్చిన పాత రిపోర్టు మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. అందులో ఊపిరితిత్తుల ప్రెషర్ నార్మల్ అనే రాసి ఉంది.

వాల్వు జబ్బుదీ ఇదే కథ. కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) బాగా సన్నబడ్డ అమ్మాయికి, ఏం చేయించకుండా పెళ్ళి చేసేస్తారు. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఆ సన్నటి దారిలో అంత రక్తం పట్టక, నెలలు నిండకముందే ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెస్తారు. అదే వాల్వు ముందే చూపించుకుంటే చాలామందికి బెలూన్‌తో గజ్జల్లోంచే తెరుస్తారు, కోతే ఉండదు. సంబంధాల గురించి ఆ తల్లుల టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఇక్కడి దాన్నే. మచ్చ గురించి అడిగినందుకు ఎవరినీ తప్పుపట్టను. దాని కోసం ఏళ్ళు పోగొట్టొద్దనే నా బాధ.

మరి మచ్చ ఎంత ఉంటుంది? ఏఎస్‌డీ, మైట్రల్ వాల్వు ఆపరేషన్లకి కుడి రొమ్ము కింద, పక్కటెముకల మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్ల కోత పెడతారు. ఛాతీ ఎముక కోయరు. పెద్దమ్మాయిలకి ఆ గీత రొమ్ము కింది మడతలో కలిసిపోతుంది. డ్రెస్సింగ్ విప్పిన రోజు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అది చూసి భయపడొద్దు. మూడు నెలలకి మన చర్మం మీద నల్లబడుతుంది. మచ్చ పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాల కోసం గజ్జల్లో ఇంకో చిన్న కోత ఉంటుంది, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. నేను చూసినంతలో, పెద్ద గీత చక్కగా మానినా లోపల చేరే రక్తం, నీరు బయటికి తీసే డ్రెయిన్ ట్యూబు పెట్టిన చోట గుండ్రటి మచ్చే కొందరికి ఎక్కువ కనబడుతుంది.

ఛాతీ మధ్యలోనే కోయాల్సి వస్తే? చేయించుకోండి. జాకెట్టు మెడ దాటి పైకి కనబడకుండా గీతని కాస్త కిందనుంచి మొదలుపెట్టమని సర్జన్‌ని అడగొచ్చు, వీలైనప్పుడు పెడతారు కూడా. చెవులు కుట్టించుకున్న చోట గడ్డ కట్టినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ (గడ్డలా పెరిగే మచ్చ) ఉన్నవాళ్ళు అది ముందే చెప్పాలి. ఛాతీ మధ్య చర్మానికి ఆ గుణం ఎక్కువ.

అపోహ: చిన్న కోత కాబట్టి చిన్న ఆపరేషన్

1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్‌తో మొదటిసారి విజయవంతంగా చేసిన గుండె ఆపరేషన్ ఏమిటో తెలుసా? 18 ఏళ్ళ అమ్మాయికి ఏఎస్‌డీ మూయడం. ఇప్పుడు రొమ్ము కింద చిన్న కోతలోంచి మూసినా, మామూలుగా అలాంటి మెషిన్ మీదే చేస్తారు. మత్తు అదే, ఐసీయూ అదే. లోపల ఇబ్బంది వస్తే ఛాతీ మధ్యలో తెరవాల్సి రావచ్చు. సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఉంటుంది, చదవండి. ఎముక కోయలేదు కాబట్టి పనుల్లోకి త్వరగా వెళ్తారు, నిజమే. కానీ మొదటి రెండు మూడు రోజులు పక్కటెముకల దగ్గర నొప్పి గట్టిగానే ఉంటుంది. నొప్పికి భయపడి ఊపిరి గట్టిగా పీల్చి స్పైరోమీటర్ (ఊపిరి వ్యాయామానికి ఇచ్చే పరికరం) బంతులు లేపకుండా పడుకుంటే కఫం చేరుతుంది.

అపోహ: అది లేజర్ ఆపరేషన్

కాదు. కత్తి, సూది, దారం, ఒక కెమెరా. అంతే.

అపోహ: ఎవరికైనా చిన్న కోతతో చేసేయొచ్చు

మూడు నాలుగు బ్లాకులున్న బైపాస్‌కి చాలావరకు ఛాతీ ఎముక తెరవడమే మేలు. కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయినవాళ్ళకి, కుడివైపు ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కుపోయినవాళ్ళకి కూడా చిన్న కోత నప్పదు. ఇంకా ఎదగని చిన్నపిల్లలకి రొమ్ము కింద కోత పెడితే తర్వాత ఆ వైపు ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే వాళ్ళకి వేరే చోటు ఆలోచిస్తారు. "మా పిల్లకి కూడా రొమ్ము కిందే పెట్టండి" అని పట్టుబట్టకండి. ఇంకో సంగతి: రంధ్రం గోడ మధ్యలో ఉండి చుట్టూ అంచు సరిపడా ఉంటే, గజ్జల్లోంచి డివైస్ (మూత లాంటి పరికరం) పెట్టి మూసేస్తారు. ఛాతీ మీద ఏ మచ్చా ఉండదు. ముందు కార్డియాలజిస్టుని ఆ మాట అడగండి. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఏది వస్తుందో, ఏది రాదో ఆ కౌంటర్లో ఉండేవాళ్ళు చెప్తారు, పక్క బెడ్‌వాళ్ళు చెప్పింది వినకండి.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది

ఈ మాటకి నాకు నిజంగా ఓపిక పోతుంది. పప్పు, గుడ్డు, చేపలు మానేసి చారన్నంతో నెట్టుకొస్తే కోత మానడానికి మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? చీముకి దారి తీసేవి అదుపులో లేని షుగరు, పొగతాగడం, శుభ్రం లేకపోవడం. పసుపు, కొబ్బరినూనె పచ్చి కోత మీద రాయొద్దు. మన ఊరి ఉక్కపోతకి రొమ్ము కింది మడతలో చెమట నిలిచి చర్మం మెత్తబడుతుంది. డాక్టరు స్నానానికి ఒప్పుకున్నాక, కడిగి మెత్తటి గుడ్డతో అద్ది, పొడి కాటన్ లోదుస్తులు వేసుకోండి, వైరు ఉన్నవి వద్దు. పుండు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ వాడొచ్చు, రెండు మూడు నెలలు ఓపిగ్గా రాయాలి. మచ్చ గీత దాటి పక్కలకి పెరుగుతూ దురద పెడుతుంటే స్కిన్ డాక్టరుకి చూపించండి, ఇంజెక్షన్లతో చాలావరకు అణుగుతుంది. జ్వరం వచ్చినా, కోత దగ్గర ఎర్రగా వేడిగా ఉన్నా, చీము కారినా, ఛాతీ మధ్య కోసినవాళ్ళకి దగ్గినప్పుడు ఎముక కటకటమన్నా, సోమవారం ఓపీ దాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి రండి.