ఆవు కడుపులో కుంపటి

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పాకలోకి వెళ్లి చూడండి, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) ఆవు పడుకుని ఉండదు. నిలబడి, నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతుంటుంది. తొట్టిలో దాణా పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. పాలు మాత్రం ఆ పూటే కాదు, ఒకట్రెండు రోజుల తర్వాత తగ్గుతాయి, అందుకే చాలామంది మొన్నటి ఎండను మర్చిపోయి దాణాను అనుమానిస్తారు.

ఆవుకు వేడి బయటినుంచే రాదు. మేసిన గడ్డి పెద్దపొట్టలో పులిసేటప్పుడు బోలెడు వేడి పుడుతుంది. పాలు ఎక్కువిచ్చే ఆవు ఎక్కువ తినాలి కాబట్టి దాని కడుపులో కుంపటి కూడా పెద్దదే, ఒంటి వేడి 38.5 డిగ్రీల దగ్గర నిలవాలంటే ఆ కుంపటిని తగ్గించుకోవాలి, అంటే మేత తగ్గించాలి. అయితే పాలు తగ్గడానికి మేత ఒక్కటే కారణం కాదు. ఎండలో ఉన్న ఆవు తిన్నంతే కొలిచి చల్లచోట ఉన్న ఆవుకూ పెట్టి చూశారు, దానికి పాలు అంతగా తగ్గలేదు. వేడెక్కిన ఆవులో, పాలలోకి చేరాల్సిన గ్లూకోజును ఒళ్లే వాడేసుకుంటుంది.

చొంగతో పాటు పొట్టలో పులుపును విరిచే ఉప్పు కూడా కారిపోతుంది, నెమరు తగ్గుతుంది, దాంతో వెన్న శాతం పడిపోతుంది. పాల కేంద్రంలో వెన్నను కూడా చూసి రేటు కడతారు కాబట్టి రైతుకు రెండు వైపులా దెబ్బే. నిలబడితే ఒంటికి గాలి తగులుతుంది నిజమే, కానీ పొదుగుకు రక్తం ఎక్కువగా వెళ్లేది పడుకున్నప్పుడు.

ఎండతో పాటు తేమనూ చూడాలి. రెండూ కలిపి లెక్కగట్టే సూచిక 72 దాటితే ఆవుకు కష్టం మొదలైనట్టే, పాలు బాగా ఇచ్చేవాటికి 68 దగ్గరే. 25 డిగ్రీలు, 50 శాతం తేమ, అంటే మనకు హాయిగా అనిపించే రోజే, ఆ సూచిక దాదాపు 72! కోస్తా ఉక్కపోతలో రాత్రి కూడా చల్లబడక, పగలు ఒంట్లో చేరిన వేడి బయటికి పోయే దారే ఉండదు. అలాంటిచోట గాలాడని పాకలో ఊరికే నీళ్లు చల్లితే తేమ పెరిగి ఇంకా ఇబ్బంది. ఒళ్లు బాగా తడిపి ఫ్యాను పెట్టాలి, మేత ఎక్కువ భాగం రాత్రికి మార్చాలి, తాగే నీళ్లు నీడలో ఉంచాలి.

గేదెది ఇంకో కథ. నల్లటి చర్మం, చెమట గ్రంథులు తక్కువ, అందుకే చెరువు దానికి అవసరం. వేసవిలో ఎద కూడా మూగగా పోతుంది, పైకి కనపడదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వట్టిపోయిన చూడి ఆవు సంగతి. పాలివ్వట్లేదు కదా అని దాన్ని ఎండలోనే కట్టేస్తాం. ఈనబోయే ముందు రెండు నెలలు వేడికి గురైతే తర్వాతి ఈతలో పాలు తగ్గుతాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనల్లో, ఆ కడుపున పుట్టిన పెయ్య దూడ పెద్దయ్యాక కూడా తక్కువ పాలే ఇచ్చింది.