బీమా ఉన్నా చలానా: సరిహద్దు బండ్లకు ఈ చిక్కు ఎలా వచ్చింది

2024 ఫిబ్రవరి 1న ఒడిశా టోల్ గేట్లలో ఈ-డిటెక్షన్ మొదలైంది. గేటు దాటిన బండి నంబరును కంప్యూటర్ వాహన్ (దేశమంతటి బండ్ల వివరాలుండే కేంద్ర డేటాబేస్) రికార్డుతో పోల్చి చూస్తుంది. బీమా గడువు తీరినట్టు కనబడితే, ఎవరూ ఆపకుండానే చలానా ఫోనుకొస్తుంది. ఒడిశా సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లకు టెన్షన్ పెడుతున్నది, బీమా కట్టిన బండికి కూడా ఇలాంటి చలానా రావడం.

బీమా తప్పనిసరి అన్న నియమం 1939 మోటారు వాహనాల చట్టంలోది. ఆ అధ్యాయం 1946 జూలై 1న అమల్లోకి వచ్చింది. బండి గుద్దినవాడి దగ్గర డబ్బు లేకపోయినా దెబ్బతిన్నవాడికి పరిహారం దక్కాలన్నది దాని ఉద్దేశం. 1988 చట్టంలో ఇదే 146వ సెక్షన్‌గా కొనసాగింది, శిక్ష 196లో ఉంది. అప్పట్లో పోలీసు ఆపి కాగితం అడిగేవాడు. ఇంట్లో మర్చిపోయి వచ్చిన సొంత బండివాడికి 158వ సెక్షన్ ఒక దారి ఉంచింది: ఏడు రోజుల్లో చెప్పిన స్టేషన్‌కు తెచ్చి చూపిస్తే, అప్పుడు చూపలేదన్న ఒక్క కారణంతో శిక్ష వేయకూడదు. అసలు విషయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 196 కింద నేరం బీమా లేకపోవడం. కాగితం చూపలేకపోవడం ఆ నేరం కాదు. అలాంటప్పుడు కంప్యూటర్‌లో కనబడకపోవడం మాత్రం ఎలా అవుతుంది?

2019 సెప్టెంబరు 1 నుంచి జరిమానా మొదటిసారి 2,000, తర్వాత 4,000 రూపాయలైంది. ఆ వారంలోనే సంబల్‌పూర్‌లో ఒక లారీ డ్రైవరుకు రకరకాల తప్పులకు కలిపి 86,500 వేశారు. గోల పెరిగి ఒడిశా ప్రభుత్వం కొన్నాళ్లు చూసీచూడనట్టు పోయింది. 2020 అక్టోబరు 1 నుంచి కేంద్రం, ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసుకోగలిగిన పత్రాలకు కాగితం అడగకూడదంది. మంచిదే. కానీ దాంతో రికార్డే సాక్షి అయింది, రికార్డు తప్పయితే యజమాని రుజువు చేసుకోవాల్సి వస్తోంది.

సరిహద్దులో రికార్డు తప్పడానికి దారులెక్కువ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. చుట్టరికాలు, బేరాలు మాత్రం గీతకు రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. శ్రీకాకుళంలో కొన్న బండి ఒడిశాలో పన్నెండు నెలలు మించి ఉంటే 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. ఏపీ నంబరు ఓడీ నంబరవుతుంది. పాలసీలో మార్పించుకోకపోతే బీమా పాత నంబరు మీదే ఉంటుంది. పైగా ఆంధ్ర, తెలంగాణ రిజిస్ట్రేషన్లు చాలా ఏళ్లు వాహన్‌లో కాక సొంత వ్యవస్థల్లో నడిచాయి. కొత్త బండికైతే నంబరు రాకముందే పాలసీ ఇస్తారు. తర్వాత నంబరు ఎక్కించడం డీలరు, కంపెనీల మధ్య ఎక్కడో ఆగిపోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరైంది, సొంత నష్టం బీమా ఏడాదికే తీసుకోవచ్చు. ఆ ఏడాది గడువు చూసి బీమా అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. చట్టానికి కావాల్సింది థర్డ్ పార్టీయే.

ఇలాంటి చలానా వస్తే 2,000 పారేసి వదిలించుకుందామనిపిస్తుంది. తొందరపడకండి. కడితే ఒప్పుకున్నట్టవుతుంది, ఆ మీదట మళ్లీ చలానా పడితే అది రెండోసారి తప్పు లెక్కలోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. చలానాలో ఉన్న తేదీ, సమయం పాలసీ కాలంలో పడుతున్నాయో లేదో ముందు చూడాలి. పాలసీ, ఆర్సీ కాపీలు, నంబరు మారి ఉంటే పాత ఆర్సీ కూడా జతచేసి ఈ-చలానా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. కేసు కోర్టుకు పోతే అక్కడ కూడా కాదనే హక్కు ఉంటుంది. దాంతోపాటు కంపెనీతో కొత్త నంబరు, చాసిస్ నంబరు సరిచేయించాలి. చలానా రద్దయినంత మాత్రాన రికార్డు మారదు, వచ్చే టోల్ గేటు దగ్గర మళ్లీ అదే చలానా పడుతుంది.