వ్యాధి నివారణ ఏ పద్దు కింద? దేశాలు తొక్కిన వేర్వేరు దారులు

జబ్బు వచ్చాక వైద్యం చేయించడం కన్నా అది రాకుండా చూడడమే మేలని ఏ ప్రభుత్వమైనా ఒప్పుకుంటుంది. అయినా కోవిడ్‌కు ముందు సంవత్సరాల్లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) సభ్యదేశాలు తమ ఆరోగ్య వ్యయంలో నివారణకు వెచ్చించింది సగటున 3 శాతానికి అటూ ఇటూగా మాత్రమే. మాటకూ కేటాయింపుకూ మధ్య ఇంత ఎడం ఎలా ఏర్పడిందో తెలియాలంటే, ఒక్కో దేశం ఈ ఖర్చును ఏ పద్దులో చేర్చిందో, ఎవరి చేత కట్టించిందో చూడాలి.

నివారణను ఖజానా లెక్కలతో సమర్థించిన తొలితరం వారిలో బ్రిటన్‌కు చెందిన ఎడ్విన్ చాడ్విక్ ముఖ్యుడు. పేదల సహాయ చట్టం అమలును దగ్గరగా చూసిన ఆయన, మురికివాడల జ్వరాలకు సంపాదించే మనిషి బలైతే అతని భార్యాబిడ్డల పోషణ భారం చివరికి పన్ను కట్టేవారి మీదే పడుతుందని, అంతకన్నా మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు వేయించడమే చౌక అని 1842 నాటి నివేదికలో వాదించారు. కలరా భయం కూడా తోడై 1848లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. జర్మనీ మరో దారి పట్టింది. బిస్మార్క్ హయాంలో 1883లో వచ్చిన చట్టం కార్మికులు, యజమానులు కట్టే చందాలతో అనారోగ్య బీమాను నెలకొల్పింది. ఆ నిధిలోంచి డబ్బు బయటికి వచ్చేది మనిషి జబ్బుపడ్డాకే.

ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల ఆరోగ్య వ్యవస్థలు చికిత్స చుట్టూనే పెరిగాయి. అందరికీ వైద్యం అందితే జబ్బులు తగ్గి, ఖర్చు పెద్దగా పెరగదని బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు బాట వేసిన 1942 నివేదికలో విలియం బెవరిడ్జ్ వేసిన అంచనా తప్పింది. ఆరోగ్యాన్ని జీవనశైలి, పరిసరాలు కూడా నిర్ణయిస్తాయని 1974లో కెనడా ఆరోగ్య మంత్రి మార్క్ లలోండ్ నివేదిక చెప్పినప్పుడు లోకం మెచ్చుకుంది గానీ, నిధుల పంపకం అంతగా మారలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నివారణకు ఖర్చు పెట్టేది ఈనాటి ప్రభుత్వం, ఫలితం కనిపించేది ఎన్నో ఏళ్ల తర్వాత; పైగా జబ్బు రాకుండా తప్పించుకున్న మనిషికి ఆ సంగతే తెలియదు. ఏటా బడ్జెట్‌లో పోటీపడాల్సి వస్తే, ఆస్పత్రి వరండాలో ఎదురుచూస్తున్న రోగి ముందు అలాంటి పద్దు ఓడిపోవడం సహజం. అమెరికా 2010 ఆరోగ్య చట్టంతో నివారణ, ప్రజారోగ్య నిధిని ఏర్పాటు చేసి, పదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇస్తామంది. 2012లోనే మరో చట్టం అందులోంచి 625 కోట్ల డాలర్లకు కోతపెట్టింది. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కింద వైద్యులకిచ్చే ఫీజులు తగ్గిపోకుండా చూసేందుకు అయ్యే ఖర్చును పూడ్చడానికే ఆ కోత. నివారణ సొమ్ము చికిత్సకు తరలిన తీరుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

నివారణ నిధులను బడ్జెట్ పోటీ నుంచి తప్పించిన చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు మీద లెవీ వేసి ఆరోగ్య ప్రోత్సాహక సంస్థను నెలకొల్పింది. క్రీడా పోటీలకు సిగరెట్ కంపెనీలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ స్థానంలో ఆ సొమ్మే అందింది. థాయ్‌లాండ్ 2001లో పొగాకు, మద్యం ఎక్సైజ్ సుంకంపై 2 శాతం అదనంగా వసూలు చేసి, దాన్ని నేరుగా ఆరోగ్య ప్రోత్సాహక నిధికి చేరవేసే చట్టం చేసింది.

జపాన్ పద్ధతి వేరు, నా దృష్టిలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది కూడా. 2008 నుంచి అక్కడి బీమా సంస్థలు 40 నుంచి 74 ఏళ్ల వయసువారికి ఏటా పరీక్షలు జరపాలి. బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుము కొలుస్తారు. మగవారిలో 85, ఆడవారిలో 90 సెంటీమీటర్లు, ఆపైన ఉండి, రక్తపోటు, చక్కెర వంటి ఇతర ముప్పులూ తేలితే ఆహార, వ్యాయామ సలహా ఇస్తారు. పరీక్షలు సరిగా జరపని సంస్థ వృద్ధుల వైద్యానికి కట్టే వాటా పెరుగుతుంది. నిర్లక్ష్యం చేసినవారి మీదే భారం పడేలా చేసిన ఏర్పాటిది.

పన్నులతో ధరలు పెంచే దారిలో ఫలితాలు మిశ్రమం. డెన్మార్క్ 2011లో సంతృప్త కొవ్వుపై వేసిన పన్నును ఏడాది దాటీదాటగానే ఎత్తేసింది. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో తెచ్చిన శీతల పానీయాల లెవీ నిలిచింది. మొదట్లో, వంద మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 పెన్నీలు కట్టాల్సి వచ్చేది. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ముందే చక్కెర తగ్గించాయి. దాంతో తొలి ఏడాది 52 కోట్ల పౌండ్లు వస్తాయనుకున్నది అందులో సగానికి కాస్త తక్కువే వచ్చింది. చక్కెర తగ్గించాలన్న లక్ష్యం నెరవేరేకొద్దీ, ఆ రాబడితో బడి ఆటలకు నిధులు ఇవ్వాలన్న ఆలోచనకు ఆధారం పలచబడింది.