అక్కా, ల్యాప్‌టాప్ తీసుకెళ్లనా? డెవలపర్ల సెలవుల మీద అపోహలు - వాస్తవాలు

మా టీమ్‌లో ఎవరు సెలవు మీద వెళ్తున్నా, ముందురోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చి అడిగే మాట ఇదే. మొన్న అడిగిన అబ్బాయి చేరి రెండేళ్లయింది. వరసగా మూడు రోజులు సెలవు తీసుకోవడం అతనికి ఇదే మొదటిసారి. అడుగుతూనే ఛార్జర్ వైరు చుట్ట చుడుతున్నాడు. తీసుకెళ్లాలని తనే తేల్చేసుకున్నాడు, నేను ఊఁ అనడమే తరువాయి. "వద్దు, ఇక్కడే పెట్టి వెళ్లు" అన్నాను. సంతోషిస్తాడనుకుంటే మొహం వాడిపోయింది. "ఏమైనా అయితే అక్కా?" అన్నాడు.

ఈ "ఏమైనా అయితే" నాకు కొత్త కాదు. పదేళ్లపాటు నేనూ ఇదే భయంతో బతికాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: నేను లేకపోతే సిస్టమ్ ఆగిపోతుంది.

నిజంగానే ఆగిపోయేటట్టుంటే దాన్ని బగ్‌గా నమోదు చేసి, ఎవరికైనా అసైన్ చేయాలి. సర్వర్ ఒక్కటే ఉంటే మనం ఊరుకుంటామా? రెండోది పెట్టిస్తాం. డేటాబేస్‌కు రెప్లికా, అంటే నకలు, లేకపోతే రివ్యూలో నిలదీస్తాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ మాడ్యూల్ సంగతి ఆయనొక్కడికే తెలుసు" అని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు వినడానికి బాగుంటుంది. దాని ఖరీదు సెలవు రోజు అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు తెలుస్తుంది.

ఒక్కరి మీదే బరువు వేస్తే ఏమవుతుందో మా రంగం మొత్తానికీ 2024 మార్చిలో తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాని బాగోగులు చూసింది దాదాపుగా ఒకే ఒక్క వాలంటీర్. పని నెమ్మదిగా సాగుతోందని ఆయన మీద ఒత్తిడి పెరిగింది. సాయం చేస్తానంటూ ఒక అకౌంట్ వచ్చింది. రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపి, నమ్మకం సంపాదించి, మెయింటైనర్ హక్కులు (టూల్‌ను నిర్వహించే అధికారం) కూడా అందుకుంది. చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్, అంటే దొంగచాటుగా లోపలికి వచ్చే దారి, పెట్టింది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వి చూడబట్టి ఆ సంగతి బయటపడింది. ఆ వాలంటీర్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంత మంది వాడే దాన్ని మోయడానికి రెండో మనిషిని ఇవ్వకుండా వదిలేసింది మనమందరమూ.

నా సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట అమ్మతో కలిసి రైల్లో వెళ్తున్నాను. కస్టమర్ రికార్డులను పాత ఫార్మాట్ నుంచి కొత్త ఫార్మాట్‌లోకి మార్చే స్క్రిప్ట్ ఆ రోజే ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో, నడవాలి. రాసింది నేను. ఆఫీసులో ఉన్న సహోద్యోగి "నేను నడుపుతాను, మీరు వెళ్లిరండి" అని రెండుసార్లు చెప్పాడు. నేను వినలేదు. మోకాళ్ల మీద ల్యాప్‌టాప్, పక్కన ఫోన్ హాట్‌స్పాట్. స్క్రీన్ మీద అంకె పెరుగుతోంది. పది వేలు, పదకొండు వేలు, పన్నెండు వేలు. ఇంతలో సొరంగం వచ్చింది. అంకె నిలిచిపోయింది. వెలుతురులోకి వచ్చాక కూడా కదల్లేదు. ఎంటర్ నొక్కితే కర్సర్ కిందికి దిగలేదు.

సెషన్ తెగిపోయింది. కనెక్షన్ తెగినా పనిని ఆగనివ్వని టీమక్స్‌లో నడపలేదు కాబట్టి స్క్రిప్ట్ కూడా దాంతోపాటే పోయింది. కొన్ని రికార్డులు కొత్త ఫార్మాట్‌లో, మిగతావి పాతదాంట్లో. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే లాగ్ ఫైలు కూడా లేదు, మొత్తం నా స్క్రీన్ మీదే ప్రింట్ అవుతోంది. మళ్లీ మొదటినుంచి నడిపితే ఒకసారి మారినవి రెండోసారి మారి పాడవుతాయి. సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతుంటే, ఆ సహోద్యోగి బ్యాకప్‌తో పోల్చి చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చుని సరిచేశాడు. ఆ దారిలో అమ్మ కిటికీలోంచి రెండుసార్లు ఏదో చూపించింది. ఏం చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సొరంగాన్ని తిట్టుకుని లాభం లేదు. ఆ స్క్రిప్ట్‌ను నేనే నడుపుతాననే ధీమాతో రాశాను, అందుకే అలా రాశాను. వేరొకరు నడుపుతారని ముందే అనుకుని ఉంటే లాగ్ రాసేదాన్ని, రెండోసారి నడిపినా ఏమీ కాకుండా చూసుకునేదాన్ని, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టే వీలు ఉంచేదాన్ని. తను ఉండనని తెలిసినవాళ్లు రాసే కోడ్ మెరుగ్గా ఉంటుంది. ఇది నేను చాలామంది విషయంలో చూశాను.

కాబట్టి నేనిప్పుడు మా వాళ్లతో ఒక పని చేయిస్తున్నాను. ప్రయాణానికి ముందు రెండు రోజులు, మనిషి సీట్లో ఉన్నా లేనట్టే లెక్క. పనంతా ఇంకొకరు చేయాలి. వెళ్లబోయేవాళ్లు పక్కనే కూర్చోవాలి కానీ నోరు విప్పకూడదు. అవతలివాళ్లు ఎక్కడ ఆగితే ఆ సంగతి కాగితం మీదికి ఎక్కాలి. మొదటిసారి ఇలా చేసినప్పుడు నావే మూడు దొరికాయి. ఒక పాస్‌వర్డ్ నా మెషీన్‌లోని ఎన్విరాన్‌మెంట్ (సెట్టింగుల) ఫైలులో తప్ప ఎక్కడా లేదు. రోజూ రాత్రి దానంతటదే నడిచే ఒక క్రాన్ జాబ్ నా సొంత లాగిన్ కింద ఉంది. సర్వర్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ గడువు ముగుస్తోందని హెచ్చరించే మెయిల్ నా ఒక్కదాని ఇన్‌బాక్స్‌కే వస్తోంది. ఆ మూడూ ఎంత పెద్ద డాక్యుమెంట్ రాయమన్నా నాకు గుర్తొచ్చేవి కావు. అవి నాకు ఎంత అలవాటంటే కంటికి ఆనవు.

అపోహ: సెలవు పెట్టినవాళ్ల పేర్లే లేఆఫ్ లిస్టులో ముందుంటాయట.

ఎవరు చెప్పారు? ఏ లిస్టు? ఎవరు చూశారు? అడిగితే "అందరూ అంటున్నారు" అంటారు. నేను చూసినంతలో ప్రాజెక్ట్ మూతపడితే టీమ్ టీమంతా వెళ్లిపోయింది, అందులో సెలవన్నది ఎరగనివాళ్లు కూడా ఉన్నారు. ఇలాంటి పుకారును ఫార్వర్డ్ చేసేవాళ్లకు చెప్పేదొకటే, దయచేసి ఆపండి. దాన్ని నమ్మి జ్వరంలో కూడా లాగిన్ అయిన పిల్లల్ని నేను చూశాను. భయపడేవాళ్లకు మాత్రం మరో మాట చెబుతాను. మీ భయం తప్పు కాదు. ఇంటి బాధ్యతలు నెత్తిన ఉన్నప్పుడు ఎవరికైనా టెన్షన్ ఉంటుంది. కాకపోతే ల్యాప్‌టాప్ మోసుకెళ్లినంత మాత్రాన ఆ భయం తగ్గదు, మీతోపాటే ప్రయాణం చేస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చు అంటారు. ఇంటర్నెట్ ఉంటే కోడ్ రాయగలరు, అంతవరకు నిజమే. కానీ చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. కంపెనీ డేటా ఉన్న మెషీన్‌ను సరిహద్దు దాటించడానికి కంపెనీ నియమాలు వేరే ఉంటాయి. టికెట్ కొనకముందే అడగండి.

పబ్లిక్ వైఫైలో పాస్‌వర్డ్‌లన్నీ గాల్లో పోతాయనే భయం పాతకాలంది. ఇప్పుడు సైట్లు చాలావరకు హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి, అంటే పంపే డేటా దారిలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తుంది. సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తే మాత్రం ముందుకు వెళ్లకండి. ప్రయాణంలో నన్ను ఎక్కువ భయపెట్టేది డిస్క్ ఎన్‌క్రిప్షన్ (లోపలి డేటాకు తాళం) లేని ల్యాప్‌టాప్ పోవడం.

టైమ్‌జోన్ తేడాలన్నీ నిండు గంటలే అని రాసిన కోడ్ ఇంకా కనిపిస్తూనే ఉంది. నేపాల్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. సమోవా 2011లో తేదీ రేఖకు అటువైపు నుంచి ఇటువైపుకు మారి డిసెంబరు 30ని పూర్తిగా వదిలేసింది. అన్నీ యూటీసీలో పెడితే చాలన్నదీ సగం నిజమే. జరిగిపోయినదానికి యూటీసీ చాలు. వచ్చే ఏడాది ఉదయం 9 గంటల అపాయింట్‌మెంట్‌కు మాత్రం స్థానిక సమయాన్నీ జోన్ పేరునూ కలిపి దాచాలి, ఎందుకంటే ఈలోగా ఏ ప్రభుత్వమైనా తన గడియారం నియమం మార్చవచ్చు.

రాత్రంతా కూర్చుంటేనే బగ్ దొరుకుతుందన్న మాట గురించి నాకు ఓపిక లేదు. పడుకోండి.

ఇక ఆ అబ్బాయి. ల్యాప్‌టాప్ నా సొరుగులో పెట్టి వెళ్లాడు. రెండో రోజు రాత్రి అలర్ట్ వచ్చింది, రిపోర్టుల సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. ఆన్‌కాల్‌లో, అంటే అలర్ట్ వస్తే చూసే వంతులో, ఉన్న అమ్మాయి అతను రాసిన పేజీ తెరిచి ఒక్కో మెట్టూ చేసుకుంటూ వెళ్లి, నాలుగోదాని దగ్గర ఆగింది. ఫోల్డర్ పేరు తప్పు పడింది. సరైనది వెతికి పట్టుకుని, పాత ఫైళ్లు తీసేసి, పేజీలో ఆ లైను దిద్ది పడుకుంది. తిరిగొచ్చాక అతను మొదట ఆ దిద్దిన లైనునే చూశాడు.

"నాకు ఫోన్ చేయలేదేం?" అని అడిగాడు.

"అవసరం రాలేదు" అంది ఆ అమ్మాయి, స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే.