నడినెత్తి ఎండలో కపుల్ షూట్ వద్దు: పెళ్లి ఫొటోల వెలుగు మీద అపోహలు - వాస్తవాలు

నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. ముహూర్తం ఖాయం కాగానే నాకు వచ్చే ఫోన్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది. "అన్నా, కపుల్ షూట్ పన్నెండింటికి పెట్టుకుందాం. ఎండ మంచిగుంటది, ఫొటోలు బ్రైట్‌గా వస్తయి." అనేది పెళ్లికొడుకు కావచ్చు, మేనమామ కావచ్చు, ఒక్కోసారి ఈవెంట్ మేనేజరే కావచ్చు. అప్పటికే రిసార్ట్‌కు అడ్వాన్స్ కట్టేసి ఉంటారు. ఇక నేను కాదంటే, "అంత డబ్బు పెట్టాం, ఈయనేంటి అడ్డం చెప్తాడు" అన్నట్టు అవతల కాసేపు మాట వినపడదు. అందుకే అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

అపోహ: ప్లేస్ అదిరిపోవాలి, టైమ్ ఏదైనా ఒకటే. ఎండ ఎంతుంటే ఫొటో అంత బాగుంటుంది.

పెళ్లిళ్లలో ఫొటోల కోసం పెట్టే డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడే. మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చెయ్యవు.

హైదరాబాద్ ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17.4 డిగ్రీల దగ్గర. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండుంపావు దగ్గర నిలబెట్టిన కర్రకు నీడే కనిపించదు. ఆ రెండు తేదీలకు అటూ ఇటూ కొన్ని వారాలు పరిస్థితి దాదాపు అంతే. వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం ముహూర్తాలు చాలావరకు ఈ రోజుల్లోనే పడతాయి.

పైనుంచి పడే ఎండకు నుదురు, ముక్కు కొన, బుగ్గల పైభాగం తెల్లగా మండిపోతాయి. కళ్ల గుంటలు, ముక్కు కింద, గడ్డం కింద నల్లబడతాయి. పాపిటబిళ్ల నీడ నుదుటి మీద, బుట్టల నీడ మెడ మీద మచ్చలా పడుతుంది. కంచి పట్టు జరీ అక్కడక్కడా తెల్లటి చుక్కల్లా పేలుతుంది. మధుపర్కాల నేత ఏమీ కనపడదు, ఒట్టి తెల్లకాగితంలా వస్తుంది. వీటన్నిటికంటే ముందు, ఇద్దరూ కళ్లు చికిలిస్తారు. చికిలించిన కళ్లను ఏ సాఫ్ట్‌వేరూ సహజంగా తెరవలేదు.

కొత్తగా ఫీల్డ్‌లోకి వచ్చిన తమ్ముళ్ల కోసం ఒక లెక్క. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 2.8 పెడితే షట్టర్ 1/3200 దాకా పోతుంది. చాలా కెమెరాలకు ఫ్లాష్ సింక్, అంటే మామూలు ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం, 1/200, 1/250 దగ్గరే ఆగుతుంది. అంటే హై స్పీడ్ సింక్ ఉన్న (ఆ వేగం దాటినా పనిచేసే) బలమైన ఫ్లాష్ అయినా కావాలి, లెన్స్‌లోకి వెళ్లే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ అయినా కావాలి. "చిన్న ఫ్లాష్ కొట్టి నీడలు లేపేద్దాం" అనుకుని పోతే కుదరదు.

మరి "మా కజిన్‌కి మధ్యాహ్నమే తీశారు, సూపర్‌గా వచ్చాయి" అంటారు. నిజమే అయ్యుండొచ్చు. ఆ పెళ్లి ఏ నెలలో అయిందో కనుక్కోండి. మార్గశిరంలో, అంటే డిసెంబర్‌లో, మన దగ్గర నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగుతాడు. వెలుగు దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది, ముఖం కాస్త తిప్పుకుంటే సర్దుకుంటుంది. ఆ ఆల్బమ్ చూసి అదే రిసార్ట్‌ను అదే టైమ్‌కి మే నెలలో బుక్ చేస్తే అవే ఫొటోలు ఎలా వస్తాయి?

ఒక వేసవిలో మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌కు పిలిచారు. ఉయ్యాల, గులాబీ తోరణం, చిన్న కొలను, పాత జీపు, అన్నీ ఉన్నాయి. సాయంత్రం స్లాట్ దొరకలేదని పది నుంచి రెండు దాకా తీసుకున్నారు. పదకొండు దాటేసరికి అమ్మాయి మేకప్ కరగడం మొదలైంది. వాళ్లమ్మగారు గొడుగు పట్టుకుని వెనకాలే తిరుగుతున్నారు. అబ్బాయి మాత్రం తోరణం దగ్గరే తియ్యాలని పట్టు. తీశాను. వెంటనే కెమెరా వెనక స్క్రీన్ మీద చూపించాను. ఇద్దరూ ఏమీ అనలేదు.

తర్వాత వాళ్లను భోజనాల షెడ్డు పక్కన రేకుల వరండాలోకి తీసుకెళ్లాను. ఎదురుగా ఖాళీ స్థలం, దాని అవతల సున్నం కొట్టిన కాంపౌండ్ గోడ. ఆ గోడ మీద పడిన ఎండ మెత్తబడి వరండాలోకి తిరిగొస్తోంది. వెనక గ్యాస్ సిలిండర్లు ఉంటే పక్కకు జరిపించాం. ఆల్బమ్ కవర్ మీదికి ఎక్కింది ఆ వరండాలో తీసిన ఫొటోనే. తోరణానికి, జీపుకు కట్టిన అద్దె మాత్రం వెనక్కి రాలేదు.

కాబట్టి ప్లేస్ చూడటానికి వెళ్లినప్పుడు "ఇక్కడ ఏమున్నాయి" అని ఒక్కటే అడగొద్దు. మీకిచ్చే టైమ్‌కి నీడ ఎక్కడ పడుతుంది, ఆ నీడ అంచుకు ఎదురుగా ఏముంది, ఈ రెండూ చూడండి. అదే టైమ్‌కి వెళ్లి చూస్తే ఇంకా మంచిది. నీడ మధ్యలోకి కాకుండా అంచు దగ్గర, ఆకాశం వైపు ముఖం పెట్టి నిలబడాలి. ఎదురుగా తెల్లగోడో సిమెంటు నేలో ఉంటే అదే రిఫ్లెక్టర్. పచ్చిక ఉంటే గడ్డం కింద పచ్చఛాయ కొడుతుంది, కొంచెం పక్కకు జరగండి. మర్రిచెట్టు కింద ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే ఎండ కంటికి అందంగానే ఉంటుంది. ముఖం మీద పడితే చిరుతపులి మచ్చలే.

పరీక్ష చెయ్యడానికి కెమెరా అక్కర్లేదు. అరచేతి మీద ఇంకో చేతి బొటనవేలి నీడ పడేలా పట్టండి. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటే అక్కడ పోర్ట్రెయిట్ వద్దు. అంచు కరిగిపోయినట్టు ఉంటే ఆగండి, అదే చోటు.

కుతుబ్‌షాహీ సమాధుల్లో తీయాలని చాలామంది అడుగుతారు. ముందుగా అనుమతి తీసుకోవాలి, తెరిచేసరికి పొద్దెక్కుతుంది. అయినా అక్కడ నాకు పేచీ లేదు. సమాధుల చుట్టూ ఉన్న కమాన్ల వరండాలు లోతుగా ఉంటాయి, పొద్దెక్కినా లోపల వెలుగు మెత్తగానే ఉంటుంది. అందరూ గుమ్మటం కనపడాలని ఎండలోకి పరుగెత్తుతారు. నేను కమాను కిందే ఆపుతాను.

అపోహ: ఇంట్లో ఫొటోలు బాగా రావు, వెలుగు చాలదు.

పెళ్లికూతుర్ని చేసే రోజు ఉదయం, ఇంట్లో, కిటికీ పక్కన వచ్చే పోర్ట్రెయిట్ ఏ హాల్లోనూ రాదు. మూడు పనులు చెయ్యండి చాలు. దోమల మెష్ జరపండి, అది వెలుగును బాగానే తినేస్తుంది. అపార్ట్‌మెంట్ కిటికీలకు రంగు అద్దాలుంటే అవి కూడా జరపండి, లేకపోతే ముఖం మీద ఆకుపచ్చో గోధుమో పడుతుంది. మూడోది, గదిలో లైట్లు ఆర్పండి.

ఈ మూడోదానికే యుద్ధాలవుతాయి. కిటికీ వెలుగుది ఒక రంగు, పసుపు బల్బుది ఒక రంగు, ట్యూబ్‌లైట్‌ది ఇంకో రంగు. అన్నీ ఒకే ముఖం మీద పడితే ఒక బుగ్గ నీలం, ఒక బుగ్గ పసుపు. దాన్ని సరిచేస్తే ఇది చెడుతుంది. నల్లకుంటలో ఒకింట్లో నేను లైటు ఆర్పిన ప్రతిసారీ అమ్మాయి తాతయ్య వచ్చి మళ్లీ వేసేవారు. "ఫొటో తీసేటప్పుడు చీకటేంటయ్యా, అశుభం" అని ఆయన బాధ. చివరికి ఆయన్నే కుర్చీలో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒకటి తీసి చూపించాను. తర్వాత ఎవరు స్విచ్ మీద చెయ్యి వేసినా ఆయనే కసిరారు.

ఉత్తరం వైపు కిటికీ ఉంటే ఎండ నేరుగా పడదు, రోజంతా వెలుగు నిలకడగా ఉంటుంది. వాస్తు ప్రకారం కట్టిన ఇళ్లలో ఈశాన్యం ఎలాగూ ఖాళీగా ఉంచుతారు. వాస్తు మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ ఆ మూల మాత్రం మాకు ఫ్రీ స్టూడియో. ఒక్క చిక్కుంది. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపే నడుస్తాడు, కాబట్టి ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోంచి కూడా ఏటవాలు ఎండ రావచ్చు. ఒక పల్చటి తెల్ల పంచె కడితే సరి.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లు ఎండలో నిలబడితేనే ఫొటోలో "కలర్" వస్తారు.

ఇది రాయడానికి నాకు కోపంగానూ ఉంది, బాధగానూ ఉంది. పెళ్లికి వారం ముందు రాత్రిపూట వచ్చే మెసేజ్ ఇది. "అన్నా, నేను కొంచెం డార్క్‌గా ఉంటా, ఏమైనా చేస్తారా?" అడిగే అమ్మాయి తప్పేం లేదు. చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు అంటూనే ఉండి ఉంటారు.

ఎక్స్‌పోజర్ పెంచితే చామనచాయ తెల్లబడదు, బూడిద రంగుకు తిరుగుతుంది. దాంతో పాటు నగల్లో బంగారం పాలిపోతుంది, కల్యాణం బొట్టు వెలిసిపోతుంది. అదే చర్మం మీద కిటికీలోంచి పక్కవాటుగా మెత్తటి వెలుగు పడితే చెంప ఎముక మీద ఒక మెరుపు నిలుస్తుంది. తెల్లటి చర్మం మీద ఆ మెరుపు అంత బాగా కనపడదు. నిజానికి ఎక్కువ కష్టపడాల్సింది బాగా తెల్లగా ఉన్నవాళ్లు ఎండలో నిలబడినప్పుడే. మేకప్ ట్రయల్ మాత్రం పార్లర్ లైట్ల కింద చూసి ఓకే అనొద్దు. కిటికీ దగ్గరికి వచ్చి అద్దంలో చూసుకోండి. ముఖానికీ మెడకీ రంగు తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది, చెప్పి మార్పించుకోవచ్చు.

అపోహ: గోల్డెన్ అవర్ అంటే గంట ఉంటుంది.

గోల్డెన్ అవర్ అంటే పొద్దుగూకే ముందు ఉండే బంగారు వెలుగు. పేరుకే గంట. మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు, ఆ బంగారు వెలుగు ముప్పావు గంట నిలిస్తే గొప్ప. డిసెంబర్ నడుమ సూర్యాస్తమయం అయిదూ నలభై దాటాక కొద్ది నిమిషాలకే, మే నడుమ ఆరూ నలభై దగ్గర. డిసెంబర్‌లో "అయిదున్నరకల్లా వచ్చేస్తాం" అంటే మీరు వచ్చేసరికి మిగిలేది పది, పన్నెండు నిమిషాలు. గచ్చిబౌలి ట్రాఫిక్ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గండిపేట కట్ట మీద తియ్యాలంటే నాలుగున్నరకే అక్కడ ఉండండి. సూర్యుడు దిగిపోయాక కూడా ఇంకో పావుగంట ఆకాశం వెలుగు చాలా మెత్తగా ఉంటుంది, అయిపోయిందని కారెక్కేయకండి.

ఇక మిగతావి గబగబా. మబ్బు పడితే ఫొటోలు పోయినట్టేనని శ్రావణమాసంలో తల్లులు టెన్షన్ పడతారు. మబ్బు మాకు కావలసిందే, వాన ఒక్కటి పడకుంటే చాలు. షామియానా ఏ రంగైనా ఒకటే అనుకోవద్దు. పగటి పెళ్లికి ఎర్ర షామియానా కడితే పంతులు గారితో సహా అందరూ ఎర్రగానే వస్తారు, పైన తెల్ల గుడ్డ కట్టించండి. "ఎడిటింగ్‌లో చూసుకుందాం" అంటే రంగులు, వెలుతురు కొంతవరకు సర్దగలం, ముక్కు కింద నీడ గీత చెరపలేం. నేచురల్ లైట్ ఫొటోగ్రాఫర్ అంటే ఫ్లాష్ ముట్టనివాడని కొందరి లెక్క. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి జీలకర్ర బెల్లం ఏ నేచురల్ లైట్‌లో తియ్యాలో వాళ్లే చెప్పాలి. రాత్రి పెళ్లి అయితే ఆ రోజు ఉదయమే ఇద్దరికీ విడివిడిగా ఒక ఇరవై నిమిషాలు ఖాళీ పెట్టమని ఇంటి పెద్దలకు ముందే చెప్పుకోండి. పూజల లిస్టులో ఆ ఇరవై నిమిషాలు రాసి ఉంటేనే దొరుకుతాయి.

పెళ్లికొడుక్కి కళ్లజోడు ఉంటే ఇంకొకటి. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలైతే బయట నీడలో నిలబెట్టినా సగం నల్లబడతాయి, లోపలికి వచ్చాక తేటబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. షాపులో అదే ఫ్రేమ్‌కు మామూలు అద్దాలు వేయించుకుని తెచ్చుకోమనండి.