నాలుగు దీపాలూ వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు

చిరంజీవులకు,

ఆశీస్సులు. బండి తాళాలు మీ చేతికి వచ్చాయి కాబట్టి, బ్యాటరీ డౌన్ అయినప్పుడు సెల్ఫ్ కొట్టడానికి వాడే జంప్ స్టార్టర్ పెట్టె గురించి రాస్తున్నాను. దాన్ని కొన్నవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "రెండేళ్లలో రెండుసార్లు వాడామో లేదో, మూడోసారికి చేతులెత్తేసింది." వాడితే అది అరిగేది చాలా తక్కువ. ఊరికే పడి ఉన్నప్పుడే పాడవుతుంది.

నమ్మకం కుదరకపోతే లెక్క వెయ్యండి. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. 10 వోల్టుల దగ్గర అది 1500 వాట్లు. మూడు సెకన్లు తిరిగితే ఖర్చయ్యేది 1.25 వాట్ అవర్ మాత్రమే. పెట్టె మీద 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటుంది చూడండి, అది సాధారణంగా లోపలి బ్యాటరీ సెల్ ఒక్కోటి 3.7 వోల్టుల చొప్పున వేసిన లెక్క. అంటే 37 వాట్ అవర్. 12 వోల్టుల దగ్గర చూస్తే మూడు ఆంపియర్ అవర్లే, అంకె చూసి మురిసిపోవద్దు. అయినా ఒక్కో స్టార్టుకు పోయేది అందులో ముప్పయ్యో వంతే.

మరి పెట్టె ఎందుకు ఓడిపోతుంది? నిల్వ తగ్గి కాదు, లోపలి నిరోధం, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, పెరిగి. కొత్త పెట్టెలో సెల్లు, తీగలు, క్లిప్పులు అన్నీ కలిపి 10 మిల్లీ ఓమ్‌లు అనుకోండి. 150 ఆంపియర్లు లాగితే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. 12 వోల్టుల్లో 10.5 మిగులుతుంది, సెల్ఫ్ హాయిగా తిరుగుతుంది. సెల్లు ముసలివై అదే 30 మిల్లీ ఓమ్‌లకు పెరిగితే 4.5 వోల్టులు పోయి 7.5 మిగులుతుంది. సెల్ఫ్ మూలుగుతుంది, ఇంజిన్ కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇక్కడే అందరూ మోసపోతారు. పెట్టె మీద దీపాలు చూపించేది పని లేకుండా కూర్చున్నప్పటి వోల్టేజీని. అందుకే నాలుగూ నిండుగా వెలుగుతూనే ఉంటాయి.

ఈ నిరోధాన్ని పెంచేవి రెండు: వేడి, నిండా చార్జ్ చేసి వదిలెయ్యడం. రెండూ కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు, డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. 100 శాతం చార్జ్‌తో లిథియం పెట్టెను అలాంటిచోట వేసవి అంతా ఉంచితే వాడకుండానే ఆయుష్షు చాలావరకు హరించుకుపోవచ్చు. వీలైతే ఇంట్లో నీడపట్టున ఉంచి, ప్రయాణానికి వెంట తీసుకెళ్లండి. బండిలోనే ఉండాలంటే సీటు కింద, నేలకు దగ్గరగా పెట్టండి. నాలుగు దీపాల్లో మూడు వెలిగేలా ఉంచి, మూడు నెలలకోసారి చూసి కాస్త చార్జ్ చేస్తే చాలు. పూర్తిగా దిగిపోనిస్తే ఇంకో చిక్కు: సెల్ వోల్టేజీ మరీ పడిపోయాక రక్షణ సర్క్యూట్ చార్జింగే తీసుకోదు.

ఈ సలహా లెడ్ యాసిడ్ రకానికి సరిగ్గా తిరగబడుతుంది. బరువుగా, చేతిపిడితో ఉండే ఆ పెట్టెలను ఎప్పుడూ నిండా ఉంచాలి. సగం చార్జ్‌తో వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, నెలకోసారైనా చార్జింగ్ పెట్టాలి. లిథియంలోనే ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది, నా ఓటు దానికే. సూపర్ కెపాసిటర్ పెట్టెలు మరో జాతి. వాటిని చార్జ్ చేసి దాచనక్కర్లేదు, నీరసించిన బండి బ్యాటరీలో మిగిలిన కరెంటునే కొన్ని నిమిషాల్లో పోగుచేసుకుని ఒక్కసారిగా వదులుతాయి. ఏళ్ల తరబడి మన్నుతాయి. కాకపోతే నిల్వ తక్కువ, ఒకటి రెండు ప్రయత్నాల్లో ఖాళీ అవుతాయి.

వాడే పద్ధతి కూడా ఆయుష్షును బట్టే నేర్చుకోండి. ముందు బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని గీకెయ్యండి. క్లిప్పు దవడలు తెరిచి చూడండి: చాలావాటిలో లావు తీగ ఒక దవడకే ఉంటుంది. ఆ దవడే శుభ్రమైన టెర్మినల్ సీసం మీద కూర్చోవాలి. ఎరుపు ప్లస్‌కు, నలుపు మాన్యువల్లో చెప్పినట్టు నెగటివ్‌కు గానీ, బ్యాటరీకి దూరంగా రంగు వెయ్యని ఇంజిన్ లోహానికి గానీ. పెట్టాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. మాన్యువల్ వద్దనకపోతే రెండు మూడు నిమిషాలు ఆగితే బండి బ్యాటరీ కాస్త ప్రాణం పోసుకుంటుంది, అప్పుడు భారం ఇద్దరూ పంచుకుంటారు. లైట్లు, ఏసీ ఆపి మూడు నుంచి ఐదు సెకన్లు మాత్రమే తిప్పండి. అందుకోకపోతే ఒక నిమిషం చల్లారనివ్వండి. మూడుసార్లకీ కదలకపోతే తప్పు వేరేచోట ఉండొచ్చు. లైట్లు ప్రకాశంగా ఉండి ఒకే ఒక్క "టక్" వినిపిస్తే అది బ్యాటరీ జబ్బు కాకపోవచ్చు, సెల్ఫ్ మోటారును అనుమానించండి.

స్టార్ట్ కాగానే అర నిమిషంలోపు క్లిప్పులు తియ్యండి. డైనమో 14 వోల్టుల పైన ఇస్తుంది. మూడు లిథియం సెల్లు వరసగా ఉన్న పెట్టె తట్టుకునేది 12.6. వెనక్కి వచ్చే కరెంటును తీగలోని రక్షణ ఆపాలి, కానీ దాని ఓపికను పరీక్షించడం దేనికి? బూస్ట్ మీట కూడా అంతే. బ్యాటరీ మరీ చచ్చిపోయి పెట్టె దాన్ని గుర్తించలేనప్పుడే అది. చాలా పెట్టెల్లో నొక్కగానే తలకిందులు కనెక్షన్‌ను, షార్ట్‌ను ఆపే కాపలా తప్పుకుంటుంది. ఎరుపు, నలుపు రెండోసారి చూసుకునే దానిమీద వేలు పెట్టండి.

పని అయ్యాక వేడిగా ఉన్న లిథియం పెట్టెను వెంటనే చార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. సున్నా డిగ్రీల కింద అసలు పెట్టకూడదు. అప్పుడప్పుడూ చదునైన బల్ల మీద పెట్టి మూల నొక్కి చూడండి. ఇదివరకు కదలనిది ఇప్పుడు ఊగుతుంటే, అతుకు దగ్గర సందు కనిపిస్తుంటే, లోపల సెల్లు ఉబ్బినట్టే. చార్జ్ చెయ్యొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ వాళ్లకు ఇచ్చెయ్యండి.

బండి కదిలింది కదా అని బ్యాటరీని మరిచిపోకండి. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉంటే డైనమో బాగున్నట్టు. బాగా నడిపి ఆపిన మర్నాడు పొద్దున 12.6 దగ్గర ఉండాలి. 12కు పడిపోయి ఉంటే, బండి ఆపి ఉన్నప్పుడు కరెంటు లీకేజీ ఏదీ లేకపోతే, ఇక మార్చాల్సింది బండి బ్యాటరీనే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య