కారుకు ఇంకా రంగు వేయనందుకు తాతయ్య సంజాయిషీ

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి ఆశీస్సులు.

దసరాకు వచ్చినప్పుడు "కారుకు ఇంకా రంగు పడలేదా తాతయ్యా?" అని ఇద్దరూ ఒకే గొంతుతో అడిగారు. మీ మామ్మ పక్కనే నవ్వుతూ నిలబడి ఉండడంతో నేను మాట మార్చేశాను. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

మన మారుతి 800 పేరుకే మనది, ఒళ్ళు జపాన్ సుజుకి వాళ్ళది. మొదటి కారు 1983 డిసెంబరులో వచ్చింది. మన పెరట్లో ఉన్న రూపం 1986లో మార్చినది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజనుకు ఇప్పటికీ ఏ జబ్బూ లేదు. జబ్బంతా రేకుకే. ఇనుము, నీరు, గాలి కలిస్తే తుప్పు. అందులో ఉప్పు తోడైతే ఇంకా వేగం. అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలిలో ఆ ఉప్పుకు కరువు లేదు.

తలుపు అడుగున చిన్న పొక్కు చూశారు కదా? స్క్రూడ్రైవరు ఆనించగానే అవతలికి దిగిపోయింది. అద్దం పక్క నుంచి వాననీరు తలుపులోకి దిగడం మామూలే. అది బయటికి పోవడానికి అడుగున కన్నాలుంటాయి. మనవి బురదతో, ధాన్యపు పొట్టుతో పూడిపోయాయి. నీళ్ళు ఏళ్ళ తరబడి లోపలే నిలిచాయి. కుళ్ళిన రేకు కోయించి, కొత్త ముక్క అతికించాను. టింకరింగ్ మేస్త్రీ ఒక్క పూటలో చేసిన పని అది. తర్వాత గీకడానికి నాకు నెల పట్టింది. ముందు 80 నంబరు గరుకు కాగితం, తర్వాత ఇంకా నున్నటివి 180, 320. పొద్దున తెల్లగా మెరిసిన రేకు మర్నాటికి ఎర్రబడుతుంది, అందుకే గీకిన పూటే ప్రైమర్ కొట్టాలి. గుంతలు పూడ్చే పుట్టీని మాత్రం నీళ్ళు పోసి రుద్దకూడదు. అది చెమ్మ పీల్చుకుని, రంగు కింద మళ్ళీ పొక్కులు లేపుతుంది.

ఇక నా తప్పు. శ్రావణంలో రెండు రోజులు వాన తెరిపి ఇవ్వగానే ఆగలేక బానెట్‌కు డూకో రంగు, అంటే థిన్నర్ ఆవిరై త్వరగా ఆరే రంగు, కొట్టాను. అరగంటలో ఎర్రటి బానెట్ బూడిద గుమ్మడికాయలా తెల్లబడింది. మీ మామ్మ వచ్చి చూసి "వడియాలు పెట్టేద్దామా?" అంది.

ఎందుకలా అయిందంటే, చేతి మీద స్పిరిట్ పోస్తే చల్లగా ఉంటుంది కదా, రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకూ అలాగే చల్లబడుతుంది. చల్లటి నీళ్ళ గ్లాసుకు చెమట పట్టినట్టు గాలిలోని చెమ్మ తడి రంగు మీద దిగుతుంది. ఆ తెలుపు అదే. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే కొంత నయం. అంతకన్నా మంచి ఉపాయం పొడిరోజు కోసం ఆగడం. నేను బానెట్‌ను మళ్ళీ ప్రైమర్ దాకా రుద్దుకున్నాను.

గట్టిపడే మందు కలిపే ఖరీదైన రంగులు వేయమని మీ నాన్న అంటున్నాడు. వాటిలో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులు పాడుచేస్తాయి. ఇంటి పెరడు వాటికి తగిన చోటు కాదు.

సంక్రాంతికి నూర్పుల దుమ్ము అణిగిపోతుంది. పొద్దుటి మంచు విడిచాక పదింటి నుంచి మూడింటి దాకా రంగు కొడతాను. ఆ వేళ మీరు వీధరుగు దాటి రాకూడదు, మామ్మ పొయ్యి వెలిగించకూడదు. మర్నాడు ఆరిన రంగును నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితంతో నునుపు చేసే పని మీకే. వచ్చేటప్పుడు మీ నాన్న పాత నూలు బనియన్లు ఓ నాలుగు తీసుకురండి, రంగు అంటని తెల్లవి.

మీ తాతయ్య